పలికితేనే చెల్లుతుంది

కంపెనీ మళ్ళీ రూల్సు మార్చిందన్న కబురు వచ్చేసరికి ఆమె ఎవరో పెద్దాయన కళ్ళజోడుకు అద్దం అరగదీస్తోంది. కళ్ళద్దాల దుకాణం వెనక గది అది. ఒకరు కూర్చుంటే రెండోవాళ్ళు నిలబడాలి. తిరిగే సానరాయి మీద సన్నగా నీళ్ళు కారుతుంటాయి. అద్దం అంచును రాయికి ఆనించి రెండు వేళ్ళతో మెల్లగా తిప్పుతూ, మధ్యలో తీసి ఫ్రేములో పెట్టి చూసుకుని, ఇంకాస్త అరగదీయాలి. తొందరపడితే అంచు పెచ్చు లేస్తుంది, అద్దం పనికిరాకుండా పోతుంది. ఈ పని ఆమెకు ఇష్టం. అద్దం ఏమీ అడగదు. ముందు గదిలో ఓనరు కస్టమర్లతో గంటలకొద్దీ మాట్లాడతాడు, వెనక గదిలో ఆమె మాట్లాడకుండా రోజు గడిపేస్తుంది. ఇద్దరికీ ఆ పంపకం బాగానే కుదిరింది.

అరలో పెట్టిన ఫోను అదేపనిగా మోగుతుంటే చేయి తుడుచుకుని చూసింది. కార్డుల గ్రూపు. అందరూ ఒకేసారి తిడుతున్నారు.

ఆ ఆట సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. ఇది పేకాట కాదు, పందేలుండవు. కంపెనీ అమ్మే పొట్లాల్లో బొమ్మల కార్డులొస్తాయి. జంతువులు, కావలివాళ్ళు, మంత్రాలు. వాటిలోంచి ఏరుకుని ఎవరి కట్ట వాళ్ళు కట్టుకుంటారు, దాన్నే డెక్ అంటారు. ఎదుటివాళ్ళ కోట కూలగొడితే గెలిచినట్టు. పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ ఆడేది చాలావరకు ఉద్యోగాలూ కాపురాలూ ఉన్నవాళ్ళే. కంపెనీవాళ్ళు చొక్కాలు మార్చినంత సులువుగా రూల్సు మారుస్తుంటారు. నిన్నటిదాకా రాజులా బతికిన కార్డు పొద్దున లేచేసరికి చిత్తుకాగితం అవుతుంది. ఈసారి నిషేధం కంచు గద్ద మీద పడింది. అది లేకుండా సగంమంది డెక్కులు నిలబడవు. పైగా ఈ ఆదివారం జరిగే టోర్నమెంటు నుంచే అమలట. సీజనుకు అదే ఆఖరిది. అందులో పైకొచ్చినవాళ్ళకే పెద్ద పోటీలో చోటు.

గద్ద గురించి అందరూ గుండెలు బాదుకుంటుంటే ఆమె కన్ను కింద ఇంకో లైను మీద పడింది. ఇకమీదట కార్డు ఆడేటప్పుడు దాని పూర్తి పేరు ఆటగాళ్ళు పైకి పలకాలి. వేలితో చూపిస్తే ఎత్తు చెల్లదు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో ఉంది. ఆమె చదవలేదు. ఫోను బోర్లా పెట్టేసింది. మళ్ళీ అద్దం తీసుకుని రాయికి ఆనించింది. కాసేపటికి కిర్రుమన్న చప్పుడు విని చూస్తే అంచు గోరంత మేర పెచ్చు లేచిపోయింది. ఈ దుకాణంలో చేరాక అలాంటి తప్పు ఆమె ఎప్పుడూ చేయలేదు.

ఆమెకు మాట ఆగిపోతుంది. కొంతమందికి నత్తిలో అక్షరం పదిసార్లు దొర్లుతుంది, ఈమెకు అదీ లేదు. పెదవులు ప దగ్గర మూసుకుంటే ఇక తెరుచుకోవు. క దగ్గర గొంతు బిగుసుకుంటుంది. లోపల మాట సిద్ధంగా ఉంటుంది, బయట మనుషులు చూస్తుంటారు. ఎవరో ఒకరు జాలిపడి ఆ మాట వాళ్ళే పూర్తిచేస్తారు. అది తను అనబోయిన మాట కాకపోయినా తలూపేసి బయటపడటం చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది. లోకంలో ఆ బాధ లేని చోటు ఒక్క కార్డుల బల్లే. అక్కడ ఆమె కార్డు పెట్టి, దాని మీద వేలితో రెండుసార్లు తట్టేది. అంతే, ఎత్తు అయిపోయేది. ఆటగాళ్ళు ఆమెకు ముద్దుగా సైగ అని పేరు పెట్టారు. సైగతో ఆటంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలని వాళ్ళలో వాళ్ళు అనుకునేవాళ్ళు. ఆ మాట ఎప్పుడు చెవినబడినా ఆమెకు ఆ రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉండేది.

సాయంత్రం పుస్తకాల షాపు వెనక గదిలో అందరూ చేరారు. వారానికి మూడుసార్లు ఆడేది అక్కడే. ఎవరూ కార్డులు తీయలేదు, నోళ్ళు మాత్రం తీశారు. అందరిలోకి పెద్ద నోరు బావది. బావ అంటే ఆమె అక్క మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఈ ఆటలోకి ఆమెను లాక్కొచ్చింది ఆయనే. గద్ద కార్డులు ఎన్ని తంటాలు పడి సంపాదించాడో అందరికీ ఇంకోసారి చెప్పాడు. అసలు టోర్నమెంటు పక్క ఊళ్ళో జరగాల్సింది, మొన్ననేగా రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరని నగరానికి మార్చారు, ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇది అన్నాడు. పోయేటప్పుడు టిక్కెట్టు తీసుకోగలం గానీ వచ్చేటప్పుడు ఏ రోజుకి తీసుకోవాలి, ఎప్పుడు ఓడిపోతామో ఎవరికి తెలుసని అడిగాడు. అందరూ నవ్వారు.

"ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి," అన్నాడు నవ్వులు సద్దుమణిగాక. "పేరు పైకి చెప్పమన్నారు చూడు, బుర్ర పెట్టి రాసింది ఆ ఒక్క రూలే. పోయినసారి నా ఎదుటివాడు ఒక కార్డు చూపించి, తర్వాత అది కాదు పక్కదని బుకాయించాడు. నోటితో చెబితే ఈ గొడవుండదు కదా."

ఆయన ఆమె పక్కనే కూర్చుని ఆ మాట అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారు గానీ, ఈయన కాకి కూడా కాదు. అసలు పుండు ఉందన్న సంగతే ఆయనకు తట్టలేదు. ఆమె మొదలుపెట్టిన ప్రతి మాటా ఇన్నేళ్ళుగా ఆయన పూర్తిచేస్తూనే ఉన్నాడు. టిక్కెట్ల దగ్గర, ఆస్పత్రిలో, కొత్తవాళ్ళ ముందు. అలా పూర్తిచేసి చేసి, మరదలు చక్కగానే మాట్లాడుతుందన్న నమ్మకం ఆయనలో స్థిరపడిపోయింది. గదిలో మిగతావాళ్ళలో కూడా ఎవరూ ఆమె వైపు చూడలేదు. అది ఆమెకు కోపం తెప్పించలేదు, భయం పెంచింది. ఆదివారం తన నోరు మూసుకుపోయినప్పుడు వీళ్ళంతా ఒకేసారి చూస్తారు.

మెట్లు దిగుతుండగా ఆయన చేయి పట్టుకుని ఆపింది. "బావా, నాకు..." అంది. తర్వాతి మాట భ దగ్గర ఇరుక్కుంది.

"బస్సు టైమైందా? పద పద," అన్నాడు బావ.

ఆమె తలూపింది.

ఇంట్లో తలుపు వేసుకుని మంచం మీద కార్డులు పరిచింది. ఒక్కతే ఉన్నప్పుడు ఆమెకు ఏ మాటా ఆగదు. అదే విచిత్రం. ఒక్కో కార్డు ఎత్తి పైకి చదివింది. కంచు గద్ద. బండరాతి కాపరి. పాతాళ ద్వారం. నీళ్ళలా వచ్చాయి. మళ్ళీ చదివింది, గొంతు పెంచి చదివింది. ఎంత బాగా వస్తున్నాయో విని ఆమెకే నవ్వొచ్చింది. తలుపవతల నుంచి ఎవరితోనే మాటలు అని అమ్మ కేకేసింది. చేతిలో కార్డు పాతాళ ద్వారం. జవాబు చెబుదామని నోరు తెరిచింది, గొంతు అక్కడికక్కడే బిగుసుకుపోయింది. తలుపవతల ఒక్క మనిషి, అదీ కన్నతల్లి, నిలబడితేనే ఇలా అయింది. ఆదివారం అంత పెద్ద హాల్లో ఏమవుతుంది?

అప్పుడు ఆమె ఏ ఆటగాడూ చేయని పని చేసింది. డెక్‌ను నోటికి తగ్గట్టు కట్టడం మొదలుపెట్టింది. క, ప, బ, ద లతో మొదలయ్యే కార్డులన్నీ తీసి రేకు డబ్బాలో వేసింది. ల, న, ఆ లతో మొదలయ్యేవి, లోయ తోడేలు, నీలి మేఘం, ఆకు పాము లాంటివి ఉంచింది. అవి నోట్లోంచి జారిపోతాయి. బల్ల మీద కూడా అలాగే జారిపోతాయి, వాటికి బలం లేదు. ఇన్నాళ్ళూ ఆమె డెక్ మొత్తం అల్లుకున్నది పాతాళ ద్వారం చుట్టూనే. చచ్చిన జంతువులన్నిటినీ ఒక్క దెబ్బతో లేపి నిలబెట్టే కార్డు అది. దాన్ని కూడా డబ్బాలో వేసి మూత పెట్టింది. మూత గట్టిగా పట్టకపోతే మోకాలితో నొక్కింది.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది, అదొక్కటే ఆ ప్రయాణంలో దొరికిన మేలు. పెట్టె నిండా మనుషులు, మనుషుల మధ్య సంచులు. బావ తన సంచి ఒళ్ళో నిలబెట్టి దాని మీద అట్ట పరిచి బల్ల చేశాడు. ఓ ఆట ఆడదామన్నాడు. గద్దలు తీసేసి రాత్రికి రాత్రి అతుకులేసిన డెక్ ఆయనది, గెలిచే రకం కాదు. అయినా ఆమెను నిమిషాల్లో ఓడించాడు. ఇంకోసారి ఆడి ఇంకోసారి ఓడించాడు. మామూలుగా ఆయన గెలిస్తే పెట్టెంతా వినబడేది, ఈసారి కార్డులు చేత్తో పట్టుకుని ఆమె ముఖం వైపు చూశాడు. ద్వారం ఏదని అడిగాడు. తీసేశానని చేత్తో చూపించింది. ఎందుకని అడిగాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది.

గద్ద పోయింది గనక ద్వారంతో పనిలేదనుకుంటోందని ఆయనకు ఆయనే జవాబు చెప్పుకున్నాడు. తప్పని, అలా అనుకోకూడదని చాలాసేపు నచ్చజెప్పాడు. ఆ తర్వాత మాట లిఫ్టుల మీదికి మళ్ళింది. నిన్న ఓ ఆఫీసులో ఒకావిడ రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది, లోపలినుంచి తలుపు గుద్దుతోంది. అలాంటప్పుడు మెకానిక్ చేయాల్సిన మొదటి పని పానా తీయడం కాదట, నోరు తీయడమట. బయటినుంచి మాట్లాడుతూనే ఉండాలి, ఊరూ పేరూ అడగాలి, వాళ్ళ మాటలు కూడా మనమే మాట్లాడాలి.

"నిశ్శబ్దంగా ఉన్నామనుకో, లోపలున్నవాళ్ళు భయంతోనే పోతారు," అన్నాడు. "నేను తలుపు తీసేదాకా నోరు ముయ్యను."

ఆమె వింటూ కూర్చుంది. సంచి అడుగున రేకు డబ్బా లేదు, ఇంట్లోనే వదిలేసింది. కానీ బయల్దేరే ముందు అమ్మ పిలుస్తుంటే, ఆఖరి నిమిషంలో వెనక్కి వెళ్ళి మూత తీసి ఒకే ఒక్క పాతాళ ద్వారం బయటికి లాగింది. జేబులో పెట్టుకుంది. రైలు కుదుపుకు జేబు మీద చేయి వేసి అది ఉందో లేదో చూసుకుంటోంది.

నగరంలో దిగాక లాడ్జి వెతుక్కోవడానికి పొద్దెక్కింది. గదిలో రెండు మంచాలు, ఒక అద్దం. బావ స్నానం చేస్తూ పాడుతుంటే ఆమె డెక్ ముందేసుకుని కూర్చుంది. ఈ కార్డులతో గెలవదని తెలుసు. ఇంత దూరం వచ్చింది నోరు ఆగకుండా ఓడిపోవడానికన్న మాట. అది తలుచుకుంటే సిగ్గేసింది. ఆకు పాము ఒకటి తీసేసి దాని చోట ద్వారాన్ని దూర్చింది. అంత డెక్‌లో ఒక్క కార్డు రావొచ్చు, రాకపోవచ్చు. వస్తే బాగుండును, రాకపోతే బాగుండును అనుకుంది. ఈ రెండింటిలో ఏది నిజమో ఆమెకే తెలియలేదు.

హాలు పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే రకం. బల్లలు వరసగా వేసి, చూడ్డానికి వచ్చినవాళ్ళను ఆపేందుకు తాడు కట్టారు. పేర్లు రాయించుకునే దగ్గర ఆమె పేరు బావే చెప్పాడు, ఊరు బావే చెప్పాడు. ఆయనకు రెండో బల్ల, ఆమెకు చాలా దూరంలో గోడ వార బల్ల పడింది. మొదటి రౌండులో ఎదురు కూర్చున్నవాడు నిద్రలేని ముఖంతో ఆవులిస్తూ తప్పులు చేశాడు. ఆమె లోయ తోడేలు అంది, నీలి మేఘం అంది. గొంతు వణికినా మాట వచ్చింది. కార్డు తీసిన ప్రతిసారీ మాత్రం భయమే. తీసి, అంచు తిప్పి చూసి, ద్వారం కాదని తెలిశాక ఊపిరి వదిలేది. ద్వారం రాకుండానే గెలిచింది. గెలిచాక చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

అప్పటికే బావ ఓడిపోయాడు. గద్ద లేని డెక్ ఇంతేనని కంపెనీని నాలుగు తిట్టి, ఆమె బల్ల దగ్గరికి వచ్చి తాడు అవతల నిలబడ్డాడు.

రెండో రౌండులో ఎదురుగా లెక్కల టీచరమ్మ కూర్చుంది. చేతులు చకచకా కదులుతాయి. కళ్ళజోడు కుడివైపు పైకి, ఎడమవైపు కిందికి ఒరిగి ఉంది. అది సైగ చూడకుండా ఉండలేకపోయింది. కాడను వేడిచేసి కాస్త వంచితే సరిపోతుంది, ఎవరు అమ్మారో గానీ సరిచూడకుండా ఇచ్చారు. అలా అనుకుంటూ కార్డు తీసి చూస్తే అది పాతాళ ద్వారం.

వేయాల్సిన సమయం కూడా అదే. ఆమె జంతువులన్నీ చచ్చి కుప్పగా పడి ఉన్నాయి. కార్డు బల్ల మీద పెట్టింది. అలవాటుగా వేలు రెండుసార్లు తట్టింది. టీచరమ్మ ఎదురుచూసింది. ఆమె పెదవులు కలిశాయి, కలిసినవి విడిపోలేదు. దవడ బిగిసింది. పక్క బల్ల దగ్గరి మనిషి తలెత్తి చూశాడు. ఆ చూపు ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. భూమి తెరుచుకుంటే బాగుండుననిపించింది.

"పాతాళమా?" అంది టీచరమ్మ, క్లాసులో పిల్లలకు అందించినట్టు.

"పాతాళ ద్వారం," అన్నాడు వెనకనుంచి బావ.

టీచరమ్మ చేయెత్తింది. జడ్జి వచ్చింది. చేతిలో కాగితాలు, ముఖంలో ఏ భావమూ లేదు. ఏం జరిగిందో అడిగి, విని, ఆడేవాళ్ళకు బయటి మనిషి పేరు అందించాడు గనక ఈ ఆట ఆమె ఓడిపోయినట్టేనని చెప్పింది. సైగ తను అడగలేదని చెప్పాలనుకుంది. ఆ మాట కూడా రాలేదు. తాడు అవతల బావ ముఖం పాలిపోయింది. తప్పు తనదని, కావాలంటే తనను బయటికి పంపమని, ఆ పిల్లకు ఏం తెలియదని చెప్పబోయాడు. జడ్జి ఆయన వైపు చూడనేలేదు. రౌండులో మూడు ఆటలకు రెండు గెలవాలి, ఇప్పుడు ఒకటి పోయింది.

కాగితం మీద వేలు పెట్టి జడ్జి రూలు మొత్తం చదివింది. సైగ ఫోను బోర్లా పెట్టేసిన చోట మొదలై, చిన్న అక్షరాల్లో ఉన్నదంతా.

"పేరు ఆడేవాళ్ళే పలకాలి. చూసేవాళ్ళు అందించకూడదు, ఎదుటివాళ్ళు పూర్తిచేయకూడదు. పలకడం మొదలుపెట్టిన మనిషి ముగించేదాకా ఎదుటివాళ్ళు ఆగాలి." టీచరమ్మ వైపు తిరిగింది. "మీరూ అందించారు. ఇంకోసారి అందిస్తే మీ ఆట పోతుంది."

"ఎంతసేపు ఆగాలి?" అంది టీచరమ్మ గడియారం చూపిస్తూ. "రౌండుకు టైముంది కదా."

"ముగించేదాకా. టైము పోతే ఇద్దరికీ పోతుంది." జడ్జి అక్కడే నిలబడింది.

ఆ జడ్జికి జాలీ లేదు, కోపమూ లేదు. రూలు రాసున్నట్టు చదివింది. కానీ సైగ ఆ మాటను లోపల మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. ముగించేదాకా ఆగాలి. పుట్టి ఇన్నేళ్ళలో ఆమెకోసం ఎవరూ ముగించేదాకా ఆగలేదు, ఆగాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. అయినా కార్డులు కలిపింది.

రెండో ఆట ద్వారం రాకుండానే ఎలాగో గట్టెక్కింది. టీచరమ్మ తొందరలో ఒక కావలివాణ్ణి తప్పు చోట పెట్టింది, అక్కడినుంచి కోట కూలింది. మూడో ఆట సగంలో ఆమె కోట పిట్టగోడంత మిగిలింది. ఎదుటివైపు ఇనుప ఏనుగు నిలబడి ఉంది. జంతువులన్నీ మళ్ళీ కుప్పలో. ఈ కార్డుతో తేలిపోవాలి అనుకుంటూ తీసింది. అంచు తిప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

కార్డు బల్ల మీద పెట్టింది. ఈసారి వేలితో తట్టలేదు. పెదవులు కలిపింది, అవి బిగుసుకున్నాయి. ఎప్పటిలాగే కళ్ళు బావకోసం వెతికాయి, ఆయన ముఖం చూస్తే ఆయనే అందుకుంటాడు. ఆయన ముఖం కనబడలేదు. బావ ఇటు వీపు పెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. రెండు చేతులూ జేబుల్లో కుక్కుకున్నాడు. భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి.

టీచరమ్మ నోరు తెరిచి జడ్జిని చూసి మూసుకుంది. గడియారం నడుస్తోంది. పక్క బల్లవాళ్ళు చూస్తున్నారు, చూడనీ. ఊపిరి అయిపోతోంది, ఆమె దాన్ని వదిలేసి మళ్ళీ తీసుకుంది. పెదవులు తెరిచి, మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఆగింది. కన్నీళ్ళు వస్తున్నాయని తెలుస్తోంది గానీ తుడుచుకోలేదు. ఒరిగిన కళ్ళజోడు వెనక టీచరమ్మ కళ్ళలో విసుగు పోయింది. ఆవిడ కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"పాతాళ," అంది సైగ. తర్వాత ద దగ్గర ఇంకోసారి గొంతు బిగిసింది. జడ్జి కదల్లేదు. "ద్వారం."

"చెల్లింది," అంది జడ్జి, తన కాగితాలు తీసుకుని వేరే బల్లకు వెళ్ళిపోయింది.

కుప్పలోని జంతువులన్నీ లేచి బల్ల మీదికి వచ్చాయి. ఏనుగు ఒక్కటే ఏం చేయగలదు. ఆట అయ్యాక టీచరమ్మ చేయి కలిపి, వెనకనుంచి అందించిన మనిషి వల్ల పోయిన ఆట తనకూ మింగుడుపడలేదని, జడ్జిని పిలిచినందుకు ఏమనుకోవద్దని చెప్పింది. సైగ చేయి చాచి ఆవిడ కళ్ళజోడు తీసుకుంది. కాడను అరచేతుల మధ్య రుద్ది వేడిచేసి, బొటనవేలితో నెమ్మదిగా వంచి, బల్ల మీద బోర్లా పెట్టి రెండు కాళ్ళూ ఆనాయో లేదో చూసి తిరిగిచ్చింది. పెట్టుకున్నాక ఆవిడ తల అటూ ఇటూ తిప్పి చూసింది, జారలేదు.

మూడో రౌండులో ఓడిపోయింది. నాలుగో రౌండులోనూ ఓడిపోయింది. పెద్ద పోటీలో చోటు పోయింది. నోరు ఆగినందుకు కాదు. ఆగింది, చాలాసార్లే ఆగింది, ఎదుటివాళ్ళు ఆగారు. ఒక కొరియర్ మనిషైతే చేతులు కట్టుకుని పైకప్పు చూస్తూ ఆగాడు. ఓడిపోయింది డెక్‌లో బలం లేక. గెలిపించే కార్డులన్నీ ఇంట్లో రేకు డబ్బాలో ఉన్నాయి, మోకాలితో నొక్కి మూత పెట్టింది తనే. ఆ సంగతి తెలిసేసరికి ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కంపెనీ మీద వచ్చిన కోపం కాదు అది.

బావ కారిడార్లో నేల మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆమె చూడటం అదే మొదటిసారి.

"నా మూలాన ఒక ఆట పోయింది," అన్నాడు చివరికి. "నువ్వు లోపల ఇరుక్కుపోయావనుకున్నానమ్మా. ఎప్పుడూ అలాగే అనుకుంటాను."

ఆమె జవాబు చెప్పడానికి కాస్త టైము పట్టింది. ఆయన నోరు రెండుసార్లు కదిలింది, రెండుసార్లూ పళ్ళతో పెదవి కరిచి పట్టుకున్నాడు.

"ఇరుక్కోలేదు బావా," అంది. "వస్తూ ఉంటాను. నువ్వే... తొందరపడతావు."

ఆయన తలూపాడు. ఇన్నేళ్ళూ ఎన్ని మాటలు తప్పుగా పూర్తిచేశానో అని అడిగాడు. ఆమె నవ్వింది. బస్సు సంగతి చెప్పింది. మొన్న మెట్ల మీద అనబోయింది బస్సు కాదు, భయం అని. భయంగా ఉందన్న ఆ మాట మొత్తం బయటికి వచ్చేలోగా కారిడార్లో ముగ్గురు వాళ్ళను దాటుకుని వెళ్ళారు. బావ ముఖం కిందికి దించుకుని విన్నాడు.

స్టేషన్లో టిక్కెట్ల వరస చాంతాడంత ఉంది. వెళ్ళేటప్పుడు ముందే తీసుకున్నారు గానీ, వచ్చేటప్పుడు ఎప్పుడు ఓడిపోతారో తెలియదు గనక తీసుకోలేదు. బావ అలవాటుగా ముందు నడుస్తూ వరసలో చేరాడు, కిటికీ దగ్గరపడుతుంటే చేతిలో సంచి కిందపెట్టి మళ్ళీ ఎత్తాడు. వాళ్ళ వంతు వచ్చేసరికి పక్కకు జరిగి ఆమెను ముందుకు రానిచ్చాడు. ఆమె ఆయన్ని చూసింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది, హాల్లో తనకు పట్టినట్టే.

ఎక్కడికని క్లర్కు అడిగాడు, తల ఎత్తకుండా.

వాళ్ళ ఊరి పేరు ప తో మొదలవుతుంది. ఈ కిటికీకి ఏ జడ్జీ లేదు, ఏ రూలూ లేదు. వెనక వరసలో ఎవరో అప్పుడే నిట్టూర్చారు. పొద్దున ఎంత భయం ఉందో అంతా ఉంది. పెదవులు కలిశాయి. ఇంకో క్షణం చూసి క్లర్కు ఏదో ఊరి పేరు తనే అన్నాడు. అది వేరే ఊరు, వేరే దారి. ఆయన వేళ్ళు అప్పుడే మీటల మీద కదులుతున్నాయి. తలూపితే అయిపోతుంది, ఎన్నిసార్లో అలాగే అయిపోయింది. వెనక బావ ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది, మాట మాత్రం వినబడలేదు.

"ఆగండి," అంది ఆమె. ఆ మాట ఎప్పుడూ సులువుగానే వచ్చేది, ఎప్పుడూ వాడుకోలేదు. "నేనే చెప్తాను."

క్లర్కు తలెత్తి చూశాడు. ఆయన చేతులు మీటల మీద ఆగాయి. ఆమె ఊపిరి తీసుకుని, పెదవులు కలిపి, ఊరి పేరు మొదలుపెట్టింది.